సైకిల్ మీద పాతబస్తీ: గైడ్‌ను వెతుక్కోవడం నుంచి పురానాపూల్ దాటేదాకా

హైదరాబాద్ పాతబస్తీని కారులో చూద్దామంటే బండి ఆపే చోటు దొరకదు. నడిచి చూద్దామంటే చార్మినార్, లాడ్ బజార్ అయ్యేసరికి కాళ్లు లాగుతాయి. అదే సైకిలైతే పొద్దున్నే ఆరింటికి మొజంజాహీ మార్కెట్ దగ్గర బయల్దేరి, పదింటికల్లా మూసీకి రెండు పక్కలా తిరిగి రావచ్చు. గల్లీలోకి మళ్లాలన్నా, ఏదైనా గుమ్మం ముందు ఆగాలన్నా కాలు కింద పెడితే సరిపోతుంది.

కాకపోతే వెంట అక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఉండాలి. నాది నల్గొండ. బ్యాంకు ఉద్యోగం కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డాను. ఏళ్లుగా ఆదివారాలు సైకిల్ తొక్కుతున్నాను, ఇంటికి చుట్టాలొస్తే వాళ్లనీ ఎక్కిస్తాను. అయినా మూసీ దాటితే మాత్రం హుస్సేనీ ఆలంలో పెరిగిన కుర్రాడొకడు నా ముందు వెళ్తుండాల్సిందే. ఏ కట్టడం ఎప్పటిదో పుస్తకంలో దొరుకుతుంది. ఏ తలుపు ఎన్నింటికి తీస్తారో, లోపల ఎవరిని అడగాలో, ఏ గల్లీ ఎక్కడ తేలుతుందో అక్కడివాళ్లే చెప్పాలి. గైడ్‌కు మనం డబ్బిచ్చేది అందుకే.

గైడ్‌తో ముందు ఏం మాట్లాడుకోవాలి

ఫోన్ చేసినప్పుడు మొదట "మీ ఇల్లెక్కడ?" అని అడగండి. షాలిబండ, దారుల్‌షిఫా, పత్తర్‌గట్టి, ఇలా ఆ చుట్టుపక్కల పేరేదైనా చెబితే సగం పని అయినట్టే. తర్వాత "ఆదివారం పొద్దున ఏడింటికి ఏం తెరిచి ఉంటుంది?" అనండి. చార్మినార్ పైకి ఎక్కిస్తాం, చౌమహల్లా ప్యాలెస్ చూపిస్తాం అన్నారంటే ఆ వేళకి అక్కడ తిరిగే అలవాటు లేదన్నమాట. అవి తెరిచేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. తెలిసినవాళ్లయితే నాన్ భట్టీ, కూరగాయల మండీ, ఇరానీ హోటల్, ఆషుర్‌ఖానా (మొహర్రంలో పీర్లను నిలిపే చోటు) అంటూ మొదలుపెడతారు.

ఒక్క పూటలో అన్నీ చూపిస్తామనేవాళ్లకు నేను నమస్కారం పెట్టేస్తాను. పది చోట్ల పది నిమిషాలు నిలబడితే ఫొటోలు మిగులుతాయి తప్ప ఊరు అర్థం కాదు. ఒక కథ పట్టుకోమని అడగండి. దాని వెంటే సైకిల్ తొక్కుదామనండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది 1908 మూసీ వరద కథ. ఇవాళ మూసీ ఒడ్డున మనం చూసే పెద్ద కట్టడాల్లో చాలావాటికి ఆ వరదతో సంబంధం ఉంది.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. సైకిల్ అద్దె, హెల్మెట్ అందులోనే ఉన్నాయా, పంక్చరైతే ట్యూబు ఎవరు మారుస్తారు, నాన్లూ చాయ్ ఎవరి ఖర్చు, అన్నీ నోరు తెరిచి అడగండి. ఆరేడుగురికి మించి గుంపు వద్దు. గైడ్ ముందుంటే, దారి తెలిసిన ఇంకో మనిషి అందరికంటే వెనక ఉండాలి. అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సుల మధ్య ఒకరు తప్పిపోతే మళ్లీ కలుసుకోవడానికి అరగంట పడుతుంది.

వరద వెంట దారి

మొజంజాహీ మార్కెట్ దగ్గర కలుసుకోండి. 1935 నాటి ఈ రాతి కట్టడానికి ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. నగరాన్ని తీర్చిదిద్దడానికి వేసిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు ఆయన అధ్యక్షుడు. వరద వచ్చిపోయాక 1912లో ఏర్పడిన బోర్డది. అందుకే వరద కథను ఇక్కడ మొదలుపెట్టడం సరిపోతుంది. బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ రెండు బ్రేకులూ పట్టి చూసుకోవాలి, టైరు బొటనవేలితో నొక్కి చూడాలి.

అక్కణ్నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా ఉస్మానియా ఆస్పత్రి. ఆవరణలో ముసలి చింతచెట్టు ఒకటుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు నూట యాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నది ఎక్కడుందో చూసి, ఆ కొమ్మల ఎత్తు చూస్తే నీళ్లు ఎంత వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఆస్పత్రి అని మాత్రం మరిచిపోకండి. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లండి, రోగుల వైపు కెమెరా తిప్పకండి, గుంపుగా కబుర్లు పెట్టుకోకండి.

తర్వాత నయాపూల్. వంతెన ఎక్కాక ఎడమ అంచున ఆగి వెనక్కి చూస్తే ఉస్మానియా, ముందు కుడివైపు హైకోర్టు కనిపిస్తాయి. రెండింటి నిర్మాణంలోనూ బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేయి ఉంది. ఇక్కడ గైడ్ నీళ్ల సంగతి చెప్పాలి. వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. పైన జలాశయాలు కట్టి వరదను ఆపాలన్నది ఆయన సలహా. అలా వచ్చినవే 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్. గండిపేట నీళ్లు తాగి పెరిగామని చెప్పుకునే ఊరికి ఆ చెరువు ఎందుకు పుట్టిందో ఈ వంతెన మీద నిలబడి వింటే బాగా ఎక్కుతుంది.

ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది బాద్‌షాహీ ఆషుర్‌ఖానా. మదీనా చౌరస్తా దగ్గర సందులో ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించదు. దాన్ని చార్మినార్ (1591) కట్టిన కొన్నేళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. మా గైడ్ గేటు దగ్గరే సైకిల్ ఆపేసి, "జర ఆగుండ్రి అక్కా, లోపట ఎవరున్నరో అడిగొస్త" అని వెళ్తాడు. లోపలివాళ్లు సరేనంటేనే చెప్పులు విప్పి మేం అడుగుపెడతాం. గోడల నిండా రంగురంగుల పలకలు, ముక్కలు ముక్కలుగా కోసి అతికిన పని. పసుపు, నీలం, ఆకుపచ్చ కలిసి పీరు ఆకారాలూ లతలూ అల్లుకుని ఉంటాయి. తొందరపడకుండా గోడకు దగ్గరగా నిలబడి పై నుంచి కిందికి చూస్తూ రండి. ఒక ఎత్తు దగ్గర మెరుపు ఆగిపోతుంది. అక్కణ్నుంచి కింద ఉన్నది పలక కాదు, దాన్ని పోలినట్టు వేసిన రంగు. వరద నీళ్లు నిలిచి కింది పలకలు పాడైతే తర్వాత రంగులతో పూరించారు. ఆ గీత దగ్గర చేయి చాపి చూపిస్తూ గైడ్ మాట్లాడకుండా ఒక నిమిషం ఆగుతాడు. అలా ఆగడం తెలిసిన గైడ్ దొరికితే వదులుకోకండి. గోడను మాత్రం తాకొద్దు.

ఆకలి అప్పటికే మొదలవుతుంది. మీర్ ఆలం మండీ వైపు తిరిగి పురానీ హవేలీ దగ్గరికి వెళ్తే నాన్ భట్టీలు ఉంటాయి, 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం ఉండేదీ అక్కడే. సైకిల్ పక్కన పెట్టి పని చూడండి. పిండి ముద్దను సాగదీసి, నాలుగు మూలలు వచ్చేలా లాగి, గుడ్డ మెత్త మీద పరుస్తారు. మనిషి నడుం దాకా భట్టీలోకి వంగి గోడకు చరుస్తాడు. కాసేపటికి ఇనప కమ్మీలతో ఊడదీసి బల్ల మీదికి విసురుతాడు. వేడి మీదే తినాలి. శీతాకాలం పొద్దున అయితే దగ్గర్లో నహారీ (పొద్దున తినే మాంసం పులుసు) ఎక్కడ బాగుంటుందో గైడ్‌నే అడగండి. ప్రతివాళ్లకూ తమ హోటల్ అంటూ ఒకటుంటుంది, దాని గురించి వాదన కూడా ఉంటుంది. మాంసం తిననివాళ్లు నాన్‌తో ఆగి, చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ పుచ్చుకోవచ్చు.

పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరుస సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిందే. షట్టర్లు తీయకముందు వెళ్తేనే కమాన్లు కళ్లకు కనిపిస్తాయి, తర్వాత బోర్డులూ బొమ్మలూ కప్పేస్తాయి. గుల్జార్ హౌజ్ దగ్గర నాలుగు కమాన్ల మధ్య ఒకసారి చుట్టూ తిరగండి. చార్మినార్ ముందు రాతి పలకలు పరిచిన మేర నడవండి. వాన పడిందంటే ఆ రాయి జారుతుంది. చార్మినార్, మక్కా మసీదుల గురించి నేను చెప్పేది తక్కువే, వాటికి మరో రోజు పెట్టుకోండి.

లాడ్ బజార్ మీదుగా మహబూబ్ చౌక్ గడియారం దాటి, హుస్సేనీ ఆలం గల్లీల్లోంచి పురానాపూల్‌కు రావాలి. ఈ ముక్కలో గైడ్ లేకపోతే మ్యాప్ కూడా తికమక పడుతుంది. ఇక్కడే మా గైడ్‌ను పాలవాడూ, దర్జీ, మేడ మీది ముసలమ్మా పేరు పెట్టి పిలుస్తారు. మేం వేగం తగ్గించి సలాం చెప్పి కదులుతాం. 1578లో కట్టిన పురానాపూల్ మీద ఇప్పుడు మోటారు బళ్లు తిరగవు, కూరగాయలు అమ్ముతారు. 1908లో మిగతా వంతెనలు కొట్టుకుపోతే రెండు ఒడ్డులనీ కలిపి నిలిచింది ఇదొక్కటే. సైకిల్ నడిపించుకుంటూ కొత్తిమీర కట్ట కొనుక్కుని అవతలికి దాటండి. బేగంబజార్ గుండా తిరిగి మొజంజాహీ మార్కెట్‌కు చేరతారు. అంతా కలిపి పది, పన్నెండు కిలోమీటర్లు.

సైకిలూ బట్టలూ

దారి దాదాపు సమతలం కాబట్టి గేర్లు లేని సైకిలైనా నడుస్తుంది. సన్న టైర్ల రేసింగ్ సైకిల్ మాత్రం వద్దు, మ్యాన్‌హోల్ మూతల అంచుల్లో ఇరుక్కుంటుంది. బెల్లు మోగాలి. కాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, మసీదులకూ ఆషుర్‌ఖానాలకూ అదే మర్యాద. ఆడవాళ్లు చున్నీని వెనక్కి ముడేసి, కుడి కాలి చుడీదార్ అంచుకు రబ్బరు బ్యాండ్ పెట్టుకోవాలి, లేదంటే చైన్‌లో పడుతుంది. తల కప్పుకోమంటే అదే చున్నీ పనికొస్తుంది. నీళ్ల సీసా, చిల్లర, తాళం, ఒక స్పేర్ ట్యూబు చాలు.

కుక్కలు వెంటపడితే తొక్కే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడవండి. ఆగి ఉన్న ఆటోల పక్క నుంచి వెళ్లేటప్పుడు ఒక చేయంత ఎడం ఉంచండి. గల్లీల్లో జనం ముఖాలు, ముఖ్యంగా ఆడవాళ్లవి, అడగకుండా ఫొటో తీయొద్దు. అడగడం ఎలాగో గైడ్ చూపిస్తాడు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఎనిమిదిన్నరకల్లా ముగించేయాలి. రంజాన్ నెలలో పాతబస్తీ రాత్రంతా మేల్కొని పొద్దున పడుకుంటుంది, హోటళ్లు పగలు మూసి ఉంటాయి. లాల్‌దర్వాజ బోనాల ఆదివారం, మొహర్రం పదో రోజు బీబీకా ఆలం ఊరేగింపు, గణేశ్ నిమజ్జనం, వీటికి సైకిల్ లేకుండా వెళ్లండి, జనంలో దాన్ని తోసుకెళ్లడం అందరికీ ఇబ్బందే.

తిరిగొచ్చాక గైడ్ డబ్బు అక్కడికక్కడే ఇచ్చేయండి. ఇంకా ఓపిక ఉంటే అబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తుంటారు, మార్కెట్ నుంచి అయిదు నిమిషాలు. రెండో ఆదివారానికి మాత్రం గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా పురానాపూల్ దాకా రమ్మనండి. చార్మినార్ పుట్టకముందు గోల్కొండ జనం నది దాటడానికి వాడిన దారి అది, మధ్యలో 1671 నాటి టోలీ మసీదు వస్తుంది. ఆ రోజు గేర్లున్న సైకిల్ అడిగి తీసుకోండి, కోట దగ్గర ఎత్తు మొదలవుతుంది.