చర్చిల్‌కి ఎలా వెళ్లాలి? ఎలుగుబంట్ల కోసమే కాదు, అక్కడి మనుషుల కోసం కూడా

టికెట్ల కన్నా ముందు నెల తేల్చుకోండి. కెనడాలో మానిటోబా రాష్ట్రంలో ఉత్తరాన, హడ్సన్ బే ఒడ్డున ఉన్న ఈ చర్చిల్ ఊరి జనాభా 2021 లెక్కల్లో 870, అంతే. ధ్రువపు ఎలుగుబంట్లు కావాలంటే అక్టోబరు చివర్లోనో నవంబరులోనో వెళ్లండి, సముద్రం ఎప్పుడు గడ్డకడుతుందా, సీళ్ల వేటకి ఎప్పుడు వెళ్దామా అని అవి ఒడ్డున కాచుకుని ఉండేది అప్పుడే. తెల్లటి బెలూగా తిమింగలాలు వేలల్లో చర్చిల్ నదిలోకి వచ్చేది జులై, ఆగస్టుల్లో. రాత్రి ఆకాశంలో రంగురంగులుగా కదిలే అరోరా వెలుగులకి ఫిబ్రవరి, మార్చి బాగుంటాయి, కానీ చలి మైనస్ 30 దాకా పోతుంది. మూడూ ఒకే ట్రిప్పులో కుదరవు.

ఈ ఊరికి రోడ్డు లేదు. మానిటోబా రాజధాని విన్నిపెగ్ నుంచి విమానంలో రెండు, రెండున్నర గంటలు. రైల్లో అయితే దాదాపు 1,700 కిలోమీటర్లు, రెండు రాత్రులు. బురద నేల మీద, మంచు కరిగి కుంగే నేల మీద వేసిన పట్టాలు కాబట్టి నెమ్మదిగా వెళ్తుంది, ఆలస్యమూ అవుతుంది. తిరుగు రైలు విన్నిపెగ్‌లో దిగిన రోజే ఇంటికి ఫ్లైట్ పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. 2017 వరదలకి ఈ పట్టాలు దెబ్బతిని ఏడాదిన్నర రైలే నడవలేదు.

ఎలుగుబంట్ల సీజన్‌కి గది, టండ్రాలో, అంటే ఊరి బయట చెట్లు లేని మంచు నేల మీద తిప్పే ఎత్తైన చక్రాల బండి, రెండూ చాలా నెలల ముందే బుక్ చేయాలి. ఊళ్లో ఫొటో కోసం రాళ్ల ఒడ్డుకి ఒంటరిగా వెళ్లొద్దు, రాళ్ల చాటున ఎలుగు పడుకుని ఉంటే దగ్గరికి వెళ్లేదాకా కనిపించదు. వీధిలో ఆగి ఉన్న కార్ల తలుపులకి చాలామంది తాళం వేయరు, ఎలుగు ఎదురైతే ఎవరైనా లోపల దూరాలని.

ఇక నేను గట్టిగా చెప్పేది, ఒక రోజు మనుషులకి ఉంచండి. ఇట్సానిటాక్ మ్యూజియంలో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ కళాకారులు రాయి, దంతం, ఎముకల్లో చెక్కిన వేటగాళ్లు, సీళ్లు, కుక్కల బళ్లు ఉంటాయి, అరచేతిలో పట్టేంత బొమ్మ ముందు కూడా చాలాసేపు నిలబడిపోతాం. తర్వాత గైడుతో డెనే విలేజ్‌కి వెళ్లండి. 1956లో ప్రభుత్వం సాయిసీ డెనే అనే ఆదివాసీ ప్రజలని వాళ్ల వేట నేల నుంచి తెచ్చి చర్చిల్‌లో పడేసింది, చలికి, పేదరికానికి, ఊరి వివక్షకి ఎంతోమంది చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది 1970ల్లో ట్యాడూల్ సరస్సు దగ్గరికి వెళ్లి తమ ఊరు కట్టుకున్నారు, కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2016లో. డెనే విలేజ్‌లో వాళ్ల స్మారకం ఉంది. గొంతు తగ్గించి మాట్లాడండి, సెల్ఫీలు వద్దు, ఆ పూటకి ఎలుగుబంట్ల టూరు పెట్టుకోకండి.