మినియేచర్ మీద బొచ్చు చెక్కాలంటే ముందు గీతలు గీయడం మానేయాలి

మినియేచర్ అంటే వేలెడంత చిన్న బొమ్మ, దాని మీద బొచ్చు అనగానే చాలామంది పుట్టీ (రెండు భాగాలు కలిపి పిసికితే కాసేపటికి గట్టిపడే ముద్ద) పూసేసి సూది తీసుకుని పైనుంచి కిందకి గీతలు గీసుకుంటూ పోతారు, ఆరాక చూస్తే తోడేలు కాస్తా దువ్వెనతో గీకిన మట్టిముద్దలా కనిపిస్తుంది. నా మొదటి రెండు మూడు బొమ్మలూ ఇలాగే వచ్చాయి. బొచ్చు గల కుక్కని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూడండి, మన కంటికి విడివిడి వెంట్రుకలు కనపడవు, పాయలు కనపడతాయి, ఒక్కో పాయ మొదట్లో లావుగా ఉండి చివర్లో కొసదేరి పక్క పాయ మీద వాలి ఉంటుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద ఒక్కో వెంట్రుక చూపించాలన్నా కుదరదు, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) పడగానే పూడిపోతుంది. అందుకే మనం చెక్కాల్సింది పాయల్ని.

పుట్టీ కలిపే ముందే బొమ్మ మీద సన్న మార్కర్‌తో బాణాలు గీసుకోండి, ఏ చోట బొచ్చు ఎటు వాలుతుందో. ముక్కు దగ్గర మొదలై నుదుటి మీదుగా మెడ వెనక్కి, అక్కడ్నుంచి వీపు పొడవునా తోక వైపుకి, పక్కల మీద వెనక్కీ కిందకీ ఏటవాలుగా, కాళ్ళ మీద కిందకి. రెండు దిక్కుల నుంచి వచ్చిన బొచ్చు కలిసే చోట, ఛాతీ మీదో తొడ మొదట్లోనో, సుడి గానీ సన్న గట్టు గానీ పడుతుంది, ఈ చిన్న విషయం పట్టించుకుంటే బొమ్మకి ప్రాణం వచ్చేస్తుంది అసలు. పొడవు కూడా అంతటా ఒకటి కాదు, మొహం మీదా కాళ్ళ కింది భాగంలోనూ పొట్టి, మెడ, ఛాతీ, తొడల వెనక, తోక దగ్గర పొడుగు.

ఇక పుట్టీ. గ్రీన్‌స్టఫ్ (నీలం, పసుపు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ పుట్టీ) అయితే రెండు రంగులూ సమానంగా తీసుకుని ఒకటే పచ్చరంగు వచ్చేదాకా పిసకాలి, చారలు మిగలకూడదు. రెండు రంగులూ పక్కపక్కనే అంటుకుని రిబ్బన్‌లా వచ్చేదైతే మధ్యలో అవి కలిసిన గీత దగ్గర సన్న ముక్క కోసి పారేయండి, అది అప్పటికే గట్టిపడి ఉంటుంది, పొరపాటున కలిపితే సరిగ్గా మీరు చెక్కే చోటే రవ్వలు తగులుతాయి. కొంచెం పసుపు ఎక్కువైతే మెత్తగా సాగుతుంది, నీలం ఎక్కువైతే గట్టిగా ఆరుతుంది. గ్రీన్‌స్టఫ్‌లో కొద్దిగా మిల్లిపుట్ (ఇంకో రకం ఎపాక్సీ పుట్టీ) కలిపితే రబ్బరులా సాగే గుణం తగ్గి అంచులు పదునుగా నిలుస్తాయి, బొచ్చుకి నాకు ఈ మిశ్రమమే ఇష్టం. గ్లౌజులు వేసుకోండి, ఆరని ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు.

కండలు, ఎముకల ఆకారం ముందే చేసి పూర్తిగా ఆరనివ్వండి. బొచ్చు దాని మీద ఒక మిల్లీమీటరు మందం పొర మాత్రమే. ఈ పొరని ఒంటి నిండా ఒకేసారి వేయొద్దు, గోరంత గోరంత వేసుకుంటూ పోవాలి, అదీ తోక వైపు నుంచి తల వైపుకి, పొట్ట నుంచి వెన్ను వైపుకి. గడ్డితో కప్పు వేసేవాళ్ళు చూరు దగ్గర మొదలెట్టి పైకి పోతారు కదా, అదే పద్ధతి, పై వరుస కింది వరుస మొదళ్ళని కప్పేస్తుంది, అతుకు కనపడదు.

కలిపిన వెంటనే చెక్కితే పుట్టీ పనిముట్టుకి అంటుకుని లేచొస్తుంది, ఒక 20, 30 నిమిషాలు ఆగండి. తర్వాత సిలికాన్ కొన ఉన్న షేపర్‌తో పెద్ద పాయలు విడదీయండి, నిటారుగా కాకుండా కాస్త వంపు తిరిగిన లోతైన గాడులు, రెండేసి గాడులు కింద కలిసేలా. ఆ తర్వాత ఒక్కో పాయని రెండుగానో మూడుగానో చీల్చండి, అన్నీ చీల్చకండి. చివరికి సూదితోనో పదునైన బ్లేడు కొనతోనో పాయ లోపల మాత్రమే సన్న గీతలు, కొస దగ్గర పనిముట్టుని కొద్దిగా పైకి లేపితే పాయ చివర విడిగా నిలబడుతుంది. పాయలన్నీ ఒకే సైజులో వరుసగా వస్తే చేప పొలుసుల్లా ఉంటుంది, అందుకే ఒకటి పొడుగు ఒకటి పొట్టి, అక్కడక్కడా ఒకటి పక్కదాని మీదకి ఎక్కేలా.

పనిముట్టు అంటుకోకుండా మిల్లిపుట్‌కి నీళ్ళు చాలు, గ్రీన్‌స్టఫ్‌కి కొందరు వ్యాజిలిన్ వాడతారు, అయితే చాలా కొద్దిగా, ఆరాక సబ్బునీళ్ళతో కడగాలి, లేకపోతే పై పొరా పట్టదు, ప్రైమరూ పట్టదు.

చెడితే ఆరకముందే బొటనవేలితో చదును చేసి మళ్ళీ మొదలెట్టండి, ఆరాక బాగుచేయడం చాలా కష్టం. ఒక పక్క చేశాక ఆరేదాకా ఆగి రెండో పక్క పట్టుకోండి, లేదంటే చేతిలోనే చితికిపోతుంది. గ్రీన్‌స్టఫ్‌ని ఒక రోజు వదిలేయడం మంచిది. ప్రైమర్ పల్చగా కొట్టి, ముదురు వాష్ (బాగా పల్చన చేసిన రంగు) గాడుల్లోకి దిగనిచ్చి, పూర్తిగా ఆరాక లేత రంగుతో డ్రైబ్రష్ చేయండి (బ్రష్‌కున్న రంగు చాలావరకు తుడిచేసి పైపైన రుద్దడం), బ్రష్‌ని బొచ్చు వాలిన దిక్కున కాకుండా అడ్డంగా లాగండి, అప్పుడు రంగు గాడుల్లోకి పోకుండా పాయల అంచుల మీదే పడుతుంది.