చవితి పందిళ్లకు ముందే యాంప్లిఫయర్ లెక్క సరిచూసుకోండి

శ్రావణం సగం దాటిందంటే ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు సౌండ్ సర్వీస్ వాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. వినాయక చవితి, దాని వెనకే దసరా, ఆ తర్వాత కార్తీకం. కమిటీ కుర్రాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, పోయినేడాది కంటే సౌండ్ గట్టిగా ఉండాల." అడ్వాన్స్ చేతిలో పడగానే మనలో చాలామంది ఉన్న బాక్సులకే ఇంకాస్త పెద్ద యాంప్లిఫయర్ కొనేస్తారు, లేదా పక్క ఊరి సెట్ నుంచి ఒకటి అద్దెకు తెస్తారు. నేను విప్పి చూసిన కాలిన స్పీకర్ కాయిళ్లలో (కోన్‌ను కదిలించే తీగ చుట్టల్లో) ఎక్కువ భాగం ఇలా తొందరలో ర్యాక్‌లోకి ఎక్కిన యాంపుల వల్లే పోయాయి. అందుకే సీజన్ మొదలవకముందే ఇది రాస్తున్నాను.

ముందు నాకు జరిగిన నష్టం చెప్తాను. పొదిలి దగ్గర ఒక ఊళ్లో నిమజ్జనం. సాయంత్రం ఐదింటికి బేస్ బాక్సుల యాంప్‌లో ఫ్యాన్ ఆగిపోయింది, అది వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి సౌండ్ ఆపేసి ప్రొటెక్ట్‌లోకి వెళ్లింది. తెలిసిన సెట్ వాళ్ల దగ్గర నుంచి ఇంకొకటి తెప్పించి, అవే వైర్లు పెట్టి ఆన్ చేశాం. మొదటి పాటకే బేస్ గుండెల మీద గుద్దినట్టు వచ్చింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. మిక్సర్ మీద నేనేమీ పెంచలేదు. పెంచకుండానే సౌండ్ ఎందుకు పెరిగిందని అప్పుడే ఆపి చూడాల్సింది, చూడలేదు. పావుగంటలో వార్నిష్ మాడిన వాసన వచ్చింది. ట్రాలీ ఎక్కి కోన్ మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా నొక్కితే లోపల గరగరమని గీసుకుంటోంది. రెండు స్పీకర్లు పోయాయి. టార్చ్ వేసి యాంప్ వెనక చూస్తే గెయిన్ మార్చే చిన్న స్విచ్ ఒకటి 0.775 వోల్టుల దగ్గర ఉంది.

మా యాంప్ గెయిన్ 26 డీబీ (డెసిబెల్). అంటే లోపలికి వచ్చిన వోల్టేజీని 20 రెట్లు చేసి పంపుతుంది. మా స్పీకర్లు ఒక్కొక్కటి 8 ఓమ్, 600 వాట్స్ ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా తట్టుకోగల శక్తి. 600ని 8తో గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 70 వోల్టులు. స్పీకర్‌కు అంతకు మించి పోకూడదని, 70ని 20తో భాగించి, యాంప్‌కు ముందుండే ప్రాసెసర్‌లో లిమిటర్‌ను 3.5 వోల్టుల దగ్గర పెట్టుకున్నాం. కొత్తగా వచ్చిన యాంప్‌కు 0.775 వోల్టులు అందితే చాలు, తన శక్తి మొత్తం బయటకు తోసేస్తుంది. దానికి మా లిమిటర్ 3.5 వోల్టుల దాకా అడ్డు చెప్పకుండా వదిలింది. లిమిటర్ లైట్ వెలగనే లేదు, యాంప్ మాత్రం బేస్ కొట్టిన ప్రతిసారీ తన హద్దు దాటి క్లిప్ అయింది. క్లిప్ అయిన అల తల నరికినట్టు చదునుగా ఉంటుంది. పూర్తిగా చదునైతే, అదే ఎత్తున్న మామూలు అల కంటే రెట్టింపు వేడి కాయిల్‌కు చేరుతుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇదే. ర్యాక్‌లో ఉన్న యాంపులన్నిటికీ వెనక స్విచ్ ఒకే గెయిన్‌లో, 26 డీబీ అయినా 32 డీబీ అయినా, పెట్టి దాని మీద టేప్ అంటించండి. అద్దెకు వచ్చినదాన్ని టార్చ్ వేసి చూడకుండా వైరు గుచ్చొద్దు. స్విచ్ లేని యాంప్ అయితే గెయిన్ ఎంతో కనుక్కుని లిమిటర్ మార్చండి. మార్చడం రాకపోతే ఆ యాంప్ వద్దు.

ఇక వాట్స్ సంగతి. కొనేటప్పుడు యాంప్ ముఖం మీద అంకె కంటే ముందు మీ బాక్స్ వెనక ఏం రాసి ఉందో చదవండి. ఆర్‌ఎంఎస్ లేదా ఏఈఎస్ (ఇదీ ఒక కొలత పద్ధతే) అని ఉన్నదే లెక్క. ప్రోగ్రామ్ అని ఉండేది మామూలుగా దానికి రెట్టింపు, పీక్ నాలుగు రెట్లు. లిమిటర్ సరిగ్గా పెట్టగలిగితే స్పీకర్ ఆర్‌ఎంఎస్‌కు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల యాంప్ తీసుకోవచ్చు. లిమిటర్ లేకుండా, ఎవరు పడితే వాళ్లు మిక్సర్ మీద చెయ్యి వేసే సెట్ అయితే ఆర్‌ఎంఎస్‌కు సమానంగా ఉన్నది చాలు. అలాంటి సెట్‌లో కూడా క్లిప్ లైట్ వెలుగుతూ ఉండిపోతే తగ్గించాల్సిందే.

రెండు యాంపులను పోల్చేటప్పుడు ఒకే ఓమ్ దగ్గర పోల్చండి. ఒకడు 8 ఓమ్ దగ్గరి వాట్స్ చెప్తాడు, ఇంకొకడు 2 ఓమ్ దగ్గరిది, మరొకడు బ్రిడ్జ్‌లోది, అంటే రెండు చానళ్లనూ కలిపి ఒక్కటిగా వాడినప్పటిది. రెండు చానళ్లూ ఒకేసారి నడిపినప్పుడు కొలిచారా, ఒక్కటే నడిపి కొలిచారా? 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కొలిచిందా, ఒక్క 1,000 హెర్ట్జ్ దగ్గర కొద్ది మిల్లీసెకన్ల పాటు కొలిచిందా? ఇవి రాయని కాగితం మీద అంకెను నేను పట్టించుకోను. ఇంకో సులువైన లెక్క కూడా ఉంది. 16 ఆంపియర్ల ప్లగ్‌లో 230 వోల్టుల దగ్గర వచ్చేది 3,680 వాట్స్. ఆ ప్లగ్‌తో నడిచే యాంప్ మీద 10,000 వాట్స్ అని ఉంటే, కెపాసిటర్లలో దాచుకున్న శక్తితో ఒక క్షణం ఇవ్వగలదేమో గానీ, డీజే పాటలో పొడుగ్గా సాగే బేస్‌కు అంత ఇవ్వలేదు. పేరున్న విదేశీ మోడళ్లకు, ముఖ్యంగా ల్యాబ్ గ్రూపెన్ ఎఫ్‌పి 10000 క్యూకి, మార్కెట్లో కాపీలు చాలా ఉన్నాయి. ముఖం ఒకేలా ఉన్నా లోపలి సరుకు వేరు.

వాట్స్ రెట్టింపైతే పెరిగేది 3 డీబీనే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు శక్తి కావాలి. 94 డీబీ సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పే లెక్క) ఉన్న బాక్స్ బదులు 97 డీబీది తెస్తే, యాంప్ రెట్టింపు చేసినంత ఫలితం పైసా కరెంటు పెరగకుండా వస్తుంది. యాంప్‌కు దాచిన డబ్బు మంచి బాక్స్ మీద పెట్టమని కుర్రాళ్లకు నేను చెప్పేది అందుకే.

ఓమ్‌ల దగ్గర జరిగే పొరపాటు బ్రిడ్జ్. 8 ఓమ్ బాక్సులు రెండు ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్, నాలుగు కలిపితే 2 ఓమ్. బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో చానల్‌కు కనిపించేది అందులో సగమే, అంటే 4 ఓమ్ లోడ్ 2 ఓమ్ అయినట్టు పని చేయాలి. చాలా యాంపులు గంటలసేపు అలా నిలవవు. బ్రిడ్జ్‌లో 8 ఓమ్‌కు 2,000 వాట్స్ ఇచ్చే యాంప్ అవుట్‌పుట్ దాదాపు 126 వోల్టులు, మనిషికి షాక్ కొట్టడానికి చాలినంత. బయటకు తేలిన వైర్ ముక్కలతో కలపకండి, తీగ బయటకు కనపడని స్పీకాన్ కనెక్టర్ వాడండి. బయల్దేరే ముందు కేబుల్ చివర మల్టీమీటర్ పెట్టి చూస్తే, అది చూపేది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి, 8 ఓమ్ బాక్స్ ఐదున్నర నుంచి ఆరున్నర చూపించాలి, రెండు కలిపితే మూడు చిల్లర. ఒకటిన్నర చూపిస్తే ఎక్కడో నాలుగు కలిసిపోయాయి. 30 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగితే పోనూ రానూ 0.4 ఓమ్ పైనే అవుతుంది, 4 ఓమ్ లోడ్‌లో బాక్స్‌కు చేరాల్సిన శక్తిలో ఆరో వంతుకు పైనే తగ్గుతుంది. యాంపులను బాక్సుల దగ్గరే పెట్టుకోండి.

బరువైన ట్రాన్స్‌ఫార్మర్ యాంపా, ఎస్‌ఎంపీఎస్ (తేలికైన స్విచింగ్ పవర్ సప్లై) ఉన్న క్లాస్ డీనా అని అందరూ అడుగుతారు. ఊళ్లో వోల్టేజీ 180కి పడితే ట్రాన్స్‌ఫార్మర్‌ది దానితో పాటే నీరసపడుతుంది. పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ (లైన్ నుంచి కరెంటు సాఫీగా లాగే ఏర్పాటు) ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ తట్టుకుంటుంది, బరువు తక్కువ, జనరేటర్ మీద భారం తక్కువ. కానీ అది పోతే దగ్గర్లో బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం, బోర్డు మార్చాల్సిందే. పందిట్లో పదకొండు రోజులు కదలకుండా ఉండే బేస్‌కు పాత క్లాస్ హెచ్ రకం ట్రాన్స్‌ఫార్మర్ బరువు యాంపే నాకు నమ్మకం. ఊరేగింపు ట్రాలీ మీదకైతే క్లాస్ డీ.

ఏది తెచ్చినా, ప్లగ్ పెట్టే ముందు మీటర్ పెట్టండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ 230, ఫేజ్‌కూ ఎర్త్‌కూ 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. మూడు ఫేజుల లైన్‌లో న్యూట్రల్ వదులైతే 400 వోల్టుల దాకా రావచ్చు, ర్యాక్ మొత్తం ఒక్క నిమిషంలో పోతుంది. కొండీ వేసి కరెంటు తీసుకోవద్దు, తాత్కాలిక కనెక్షన్ అడగమని కమిటీకి చెప్పండి. మిక్సర్ ముందు, యాంపులు చివర, ఒకటొకటిగా ఆన్ చేయండి. ఆపేటప్పుడు యాంపులు ముందు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. హమ్ (స్పీకర్లో బుర్రుమనే మోత) వస్తే "ఎర్త్ పిన్ను కొట్టేస్తే పోద్ది గదన్నా" అని కుర్రాళ్లు కటింగ్ ప్లేయర్ తీస్తారు. మైకు ఇనుప ఒళ్లు షీల్డు వైరు గుండా మిక్సర్ బాడీకి, అక్కడి నుంచి యాంప్ బాడీకి కలిసి ఉంటుంది. యాంప్‌లో లీకేజీ ఉండి ఎర్త్ లేకపోతే, వాన తడిసిన నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి భజన పాడే పెద్దాయన పెదవుల దగ్గరికి ఆ కరెంటు వస్తుంది. హమ్ పోవాలంటే సిగ్నల్ వైపు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, మిక్సర్, యాంపులు ఒకే చోటి నుంచి కరెంటు తీసుకునేలా చూడండి. లీకేజీ వస్తే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ బోర్డులో తప్పకుండా ఉండాలి. జనరేటర్ అయితే న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, కలపకపోతే ఆర్‌సీసీబీ ట్రిప్ అవదు.

చీమకుర్తి వైపు తిరిగే సెట్లకు రాతిపొడి, మైపాడు, కొత్తపట్నం వైపు వెళ్లేవాళ్లకు ఉప్పుగాలి. ఫిల్టర్లు విప్పి దులపండి, పచ్చబడిన జాక్‌లు మార్చండి. దసరా దాటితే మనకు అసలు వానలు, ర్యాక్ మీద పట్టా కప్పినా వెనక గాలి ఆడాలి. ట్రాలీ మీద బాక్సులు పేర్చేముందు దారిలో కరెంటు తీగల ఎత్తు చూసి రండి. పర్మిషన్ కాగితం జేబులో ఉండాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు లౌడ్‌స్పీకర్‌ను ఒప్పుకోవు, ప్రభుత్వం పండగలకు ప్రత్యేకంగా సడలిస్తే తప్ప. ఆసుపత్రికి 100 మీటర్లలోపు వస్తే పాట ఆపేయండి, లోపల ఎవరి బిడ్డ ఉందో మనకు తెలియదు.

పండక్కి రెండు రోజుల ముందు షెడ్డులోనే మొత్తం సెట్ కలిపి గంటసేపు నడపండి. గంటయ్యాక మెయిన్ ఆపేసి, ప్రతి ప్లగ్‌నూ, బోర్డులో ప్రతి సాకెట్‌నూ చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉన్నదాన్ని ఆ రాత్రే మార్చండి.