ఎడారి కొండల్లో రోజంతా నడక: ఎక్కడం సులువే, దిగడం ఎలా?

ఎడారి కొండ ఎక్కినవాళ్లంతా శిఖరం మీద ఫొటో దిగుతారు. దిగేటప్పుడు ఏ లోయలో చిక్కుకున్నారో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని మిగతావన్నీ గబగబా చెప్పేసి, అసలు సంగతికి వస్తాను.

1. సామాన్లు. వదులైన పొడుగు చేతుల చొక్కా, అంచున్న టోపీ, గట్టి అడుగున్న బూట్లు, హెడ్‌ల్యాంప్, బైనాక్యులర్స్. కాక్టస్ ఉన్న చోటైతే ఒక దువ్వెన కూడా, కాలికి అంటుకున్న ముళ్ల ముద్దను చెయ్యి తగలకుండా లాగేయడానికి. చల్లటి కాలంలో గంటకు అర లీటరు నీళ్లు సరిపోతాయి, ఎండలో ఎక్కుతుంటే లీటరు దాకా ఖర్చవుతాయి. నీళ్లు సీసాల్లోనే తీసుకెళ్లాలి. గొట్టంతో పీల్చే సంచిలో ఎంత మిగిలిందో తెలియదు, అయిపోయాక తెలుస్తుంది. ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలపండి. ఉత్త నీళ్లే అతిగా తాగితే ఒంట్లో సోడియం పడిపోతుంది.

2. సమయం. నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 15 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎత్తు అంటే నాలుగున్నర గంటలు. జారే గులకరాళ్ల మీద ఆ వేగం ఎవరికీ రాదు కాబట్టి వచ్చిన గంటలకు ఒకటిన్నర రెట్లు వేసుకోండి. తెల్లవారకముందే బయలుదేరాలి.

3. జంతువులు. ఎండ ముదరకముందే కనబడతాయి, ఆ తర్వాత నీడ వెతుక్కుంటాయి. కొండ గొర్రెల కోసం కళ్లతో వెతక్కండి, చెవులతో వెతకండి. ఎక్కడో పైన ఒక చిన్న రాయి టక్కుమని దొర్లుతుంది. ఆగి అటే చూస్తూ ఉంటే, అప్పటిదాకా బండ అనుకున్నది మెడ తిప్పుతుంది. మేత ఆపి మీ వైపే చూస్తోందంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం, వెనక్కి తగ్గండి. నీటి గుంట పక్కన కూర్చోవద్దు. మీరు లేచేదాకా అవి దాహంతో దూరంగానే ఉండిపోతాయి. ఉత్తర అమెరికా ఎడారి తాబేలునైతే ఎత్తనే ఎత్తకండి. భయంతో అది ఒంట్లో దాచుకున్న నీటిని వదిలేస్తుంది, తర్వాత ఆ లోటు దాని ప్రాణం మీదికి రావచ్చు.

4. దిగడం. ఇక్కడ నిదానంగా చదవండి.

ఎక్కేటప్పుడు దారి తప్పడం కష్టం. కొండ పాయలన్నీ, అంటే కొండ మీద పొడుగ్గా సాగే గట్లన్నీ, పైకి పోయి శిఖరం దగ్గర కలుస్తాయి. దిగేటప్పుడు అవే పాయలు చీలిపోతాయి, పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. చీలిక దగ్గర పది అడుగుల తేడా కింద రెండు లోయల తేడా అవుతుంది. అందుకే ఎక్కేటప్పుడే ప్రతి చీలిక దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూడండి, అక్కడొక ఫొటో తీసుకోండి. దిగేటప్పుడు మీకు కనబడేది ఆ దృశ్యమే. జీపీఎస్ ఉంది కదా అంటారు. ఇరుకు లోయ గోడల మధ్య అది మిమ్మల్ని పక్క పాయ మీద నిలబెట్టగలదు. రాళ్లు పేర్చి గుర్తులు పెట్టే అలవాటు నాకు అసలు నచ్చదు. మీ గుర్తును నమ్మి వెనకాల ఇంకొకరు తప్పిపోతారు.

రెండో ఉచ్చు ఎండిన వాగు. మెత్తటి ఇసుక, నీడ, నేరుగా కిందికి పోయే దారి. ఒకసారి నేనూ ఆశపడ్డాను. ఆరడుగుల మెట్టు వస్తే జారి దిగాను. యాభై అడుగులు నడిచానో లేదో, ఒకప్పటి జలపాతం అంచు. కింద ముప్పై అడుగుల లోతు. వెనక్కి వస్తే ఆ ఆరడుగుల మెట్టు నీళ్లకు అరిగి గాజులా నున్నగా ఉంది, చెయ్యి ఎక్కడా ఆనలేదు. రాళ్లు మోసుకొచ్చి మెట్టు కట్టుకుని ఎక్కేసరికి గంటన్నర, రెండు సీసాలు ఖర్చు. తిరిగి ఎక్కలేని చోట దిగకండి, రెండడుగులైనా సరే. దూరంగా కొండల మీద మబ్బు కమ్మితే వాగులో అడుగే పెట్టకండి. మీ నెత్తిన చినుకు పడకుండానే వరద రావచ్చు.

సగం నీళ్లు అయ్యాయంటే శిఖరం ఎదురుగా ఉన్నా వెనక్కి తిరగాలి. బండిలో ఇంకో రెండు లీటర్లు ఉంచుకోండి, కానీ వాటిని లెక్కలో వేసుకోకండి.