చాట్‌బాట్ చెప్పిన పుస్తకంలో ఆ మాట దొరకడం లేదా?

సమస్య: ఎప్పుడో చదివిన సైన్స్ ఫిక్షన్ మాట సగమే గుర్తుంది. చాట్‌బాట్‌ని అడిగితే రచయిత, పుస్తకం, పేజీ నంబరుతో సహా చెప్పింది. తీరా చూస్తే అందులో ఆ మాట లేదు.

అసలు చూశారా అన్నది మొదటి ప్రశ్న. ఒంగోలు, కావలి కాలేజీల పిల్లలు నాకు చూపించే సెమినార్ స్లైడ్లలో చాలావాటికి ఈ ఒక్క పనే జరిగి ఉండదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ గూగుల్ బుక్స్‌లోనూ పుస్తకం లోపల వెతకొచ్చు. వాక్యమంతా కొట్టకండి, గట్టిగా గుర్తున్న అరుదైన పదం ఒకటి చాలు. బాగా ముదిరిన టెక్నాలజీకీ మాయకీ తేడా తెలియదన్న మాట ఉంది కదా, దానికి 'మ్యాజిక్' అని కొడితే ఊరంతా తిరగాలి, 'ఇండిస్టింగ్విషబుల్' (తేడా తెలియని) అని కొడితే నేరుగా తేలుతుంది.

అసలు దొంగ మీ ప్రశ్నలోనే ఉంటాడు. "అన్నా, అసిమోవ్ ఏ నవల్లో అన్నాడని అడిగితే పేరు కూడా ఇచ్చిందన్నా" అన్నాడో నెల్లూరు కుర్రాడు. పైన చెప్పిన టెక్నాలజీ, మాయ మాటే అది. అన్నది ఇంకో సైన్స్ ఫిక్షన్ రచయిత, ఆర్థర్ సి. క్లార్క్. ఉన్నది నవల్లో కాదు, 'ప్రొఫైల్స్ ఆఫ్ ద ఫ్యూచర్' అనే వ్యాసాల పుస్తకంలో. రచయితా తప్పే, నవల అన్నదీ తప్పే, రెండూ మనమే చేతికిచ్చాం. చాట్‌బాట్ పుస్తకం తిరగేసి చెప్పదు, అడిగిన తీరుకు అతికేలా మాటలు పేరుస్తుంది. వెబ్‌లో వెతికేవి కూడా చాలాసార్లు మీరిచ్చిన పేరు పట్టుకునే పోతాయి. "కాదు, సరిగ్గా చూడు" అని గదిమితే సారీ చెప్పి ఇంకో అసిమోవ్ పుస్తకం అంటగడుతుంది.

పరిష్కారం: ఆ చాట్ వదిలేసి కొత్తది తెరవండి. పాత సంభాషణలు గుర్తుపెట్టుకునే మెమరీ ఉంటే ఆపేయండి, లేకపోతే ఆ అసిమోవే మళ్లీ దిగుతాడు. రచయిత పేరు, నవలా కథా అన్నది చెప్పకండి. గుర్తున్న భావం, పదాలు మాత్రం ఇచ్చి నాలుగైదు అవకాశాలు అడగండి. ఎవరూ అనని మాటైతే అదీ చెప్పమనండి. వచ్చినవి జవాబులు కావు, వెతకాల్సిన చోట్లు.

పుస్తకం సరైనదే అయినా మాట లేకపోతే ఎడిషన్ చూడండి. క్లార్క్ మాట 1962 నాటి మొదటి ముద్రణలో ఉండదు, 1973లో సవరించిన దాంట్లో ఉంటుంది. మన కుర్రాడు పాత స్కాన్ చూసి మళ్లీ నామీదికే వచ్చాడు.

ఇక జనం నోట మారిపోయినవి కొన్ని. 'బీమ్ మి అప్, స్కాటీ' అచ్చంగా ఆ మాటల్లో పాత స్టార్ ట్రెక్ సీరియల్లో ఎక్కడా లేదు. ఇలాంటివాటి కోసం బుర్ర పాడుచేసుకోకండి.

ఎంత వెతికినా దొరక్కపోతే కొటేషన్ గుర్తులు తీసేసి మీ మాటల్లో రాసుకోండి. కింద ఎవరి పేరూ పెట్టొద్దు.