తొలివానకు ముందే కొళాయి పైపు చూసుకోండి

మా వీధి కొళాయి పొద్దున్న ఐదున్నరకి వస్తుంది, ఏడు దాటితే ఆగిపోతుంది. మిగతా ఇరవై రెండు గంటలూ ఆ పైపు ఖాళీ. వానాకాలం వాంతులు, విరేచనాలు, పచ్చకామెర్లు అనగానే అందరూ ఏటి వైపు చూస్తారు. మహేంద్రతనయ ఎర్రబడింది, వంశధార ఎర్రబడింది, ఇంకేటి తాగుతాం అంటారు. నా భయం ఎర్రనీళ్ళ మీద కాదు. అవి కంటికి కనబడతాయి, ఎవడూ తాగడు. నా భయమంతా ఆ ఖాళీ పైపు మీద.

సరఫరా ఆగాక పైపులో మిగిలిన నీళ్ళు పల్లానికి జారిపోతాయి. జారుతూ వెనక గాలిని లాక్కుంటాయి. పైపుకి సూదిమొనంత చిల్లుండి, ఆ చిల్లు మురిక్కాలవలో మునిగి ఉందనుకోండి, గాలికి బదులు కాలవ నీళ్ళే లోపలికి పోతాయి. మర్నాడు పొద్దున్న మొదటి బిందెలోకి వచ్చేవి అవే. ఎండాకాలం కాలవ ఎండి ఉంటుంది గనక బతికిపోతాం. తొలివాన కొట్టి, ఆర్నెల్ల చెత్త కొట్టుకొచ్చి కాలవ నిండిందా, అక్కడినుంచి రెండు మూడు వారాలు అసలు గండం. రోహిణి ఎండలు కాస్తున్న ఈ రోజుల్లోనే, జూన్ మధ్యలో రజ పండగ వచ్చేలోపు చూసుకోమనేది అందుకే.

మా పక్కింటి బావ వాళ్ళ పైపు కాలవకి అడ్డంగా పోతుంది. పాత ఇనుప పైపు, వేలితో గీకితే తుప్పు పొలుసులు రాలతాయి. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దానిమీద ప్లాస్టిక్ తాడు బిగించాడు. తాడు కింద నాచు పట్టింది. "ఏటి బావా ఇది?" అన్నాను. "కారట్లేదు కదరా" అన్నాడు. బయటికి కారట్లేదు, నిజమే. లోపలికి పోవడం లేదని ఎవరు పూచీ?

కాబట్టి ఈ వారం ఒక పని చెయ్యండి. రోడ్డు మీది పెద్ద పైపు నుంచి మీ గుమ్మం దాకా మీ పైపు ఎలా వస్తోందో నడిచి చూడండి. కాలవ దాటేచోట అతుకు ఉండకూడదు. ఉంటే ప్లంబరుని పిలిచి, పైపుని కాలవ నీటిమట్టం కంటే పైకి లేపించి, అతుకు లేని ఒకే ముక్క వేయించండి. దానికి ఇంకో లావుపాటి పైపు తొడుగు వేయిస్తే మరీ మంచిది. లీకు మీ పైపుది కాకుండా రోడ్డు పైపుది అయితే నీటి సరఫరా చూసే పీహెచ్‌డీ ఆఫీసులో కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్పింది నోటితోనే పోతుంది.

ఇక మోటారు. కొళాయికి నేరుగా మోటారు తగిలించి లాగేవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. నీళ్ళు సన్నగా వస్తున్నాయని వాళ్ళ గోల. ఆ మోటారు నీళ్ళతోపాటు చుట్టుపక్కల చిల్లుల్లోంచి కాలవనీ లాగుతుంది, తనకే కాదు, పక్కింటికీ పంచుతుంది. కొళాయి నీళ్ళు వాటంతటవే సంపులో పడనిచ్చి, మోటారు సంపుకి పెట్టుకోండి.

సంపు అంటే మా ఇంటి సంగతి చెప్పాలి, తప్పు నాదే. మూడేళ్ళ కిందట సంపు మూత అంచు విరిగింది. మేస్త్రీని పిలుద్దాంలే అని పైన రాయి పెట్టి ఊరుకున్నాను. ఆషాఢంలో వాకిలి కడిగిన నీళ్ళు, వాన నీళ్ళు ఆ సందులోంచి దిగాయి. శ్రావణం వెళ్ళేసరికి మా ఆవిడకీ పెద్దాడికీ కళ్ళు పచ్చబడ్డాయి. నీళ్ళవల్ల వచ్చే కామెర్లు మురికి తాగిన రెండు వారాలకీ బయటపడొచ్చు, రెండు నెలలకీ బయటపడొచ్చు. అందుకే ఏ నీళ్ళు ముంచాయో వెంటనే తట్టదు. నాకు డాక్టరు అడిగాక గాని సంపు గుర్తురాలేదు. ఇప్పుడు మూత నేలకంటే జానెడు ఎత్తులో ఉంది. ఏడాదికోసారి, మే నెలలో, సంపు ఖాళీ చేసి గోడలు రుద్ది కడుగుతాను.

కొళాయి వచ్చినా నుయ్యి వదలని ఇళ్ళు మన వైపు ఇంకా చాలానే ఉన్నాయి. మరుగుదొడ్డి గొయ్యికీ నూతికీ మధ్య కనీసం 50 అడుగులు ఉండాలి. లేకపోతే వానాకాలం నాలుగు నెలలూ ఆ నుయ్యి గిన్నెలకీ బట్టలకీ వాడుకోండి, నోటికి వద్దు. గట్టు పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి.

నూతిలో బ్లీచింగు పొడి వెయ్యడం అందరికీ తెలుసు, సరిగ్గా వేసేవాళ్ళు తక్కువ. గుప్పెడు తీసి పైనుంచి చల్లేసి చేతులు దులుపుకుంటారు. లెక్క కష్టమేం కాదు. నూతి అడ్డం మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, మళ్ళీ 0.785తో గుణించండి. వచ్చినన్ని వేల లీటర్లు ఉన్నట్టు. అడ్డం 1.5 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అయితే సుమారు 7,000 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున 17, 18 గ్రాముల పొడి. కిరాణాకొట్టు త్రాసులో తూయించుకుని పొట్లాలు కట్టుకోండి. నీళ్ళు బురదగా ఉంటే ఈ కొలత చాలదు. రెట్టింపు వేసి, క్లోరిన్ మిగిలిందో లేదో పరీక్ష చేయించుకోవాలి.

పొడిని ప్లాస్టిక్ బకెట్‌లో కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పాతిక బకెట్ నీళ్ళు పోసి కలియబెట్టి, పది నిమిషాలు వదిలెయ్యండి. అడుగున సున్నం దిగుతుంది. పైతేట ఇంకో బకెట్‌లోకి వంపి, ఆ బకెట్‌ని తాడుతో నూతిలోకి దించి, నీళ్ళలో పైకీ కిందకీ ఆడించండి. సున్నం నూతిలో వెయ్యకండి, నీళ్ళ కాఠిన్యం పెరిగి సబ్బు నురగ రాదు. గంటదాకా ఎవరూ తోడకూడదు. రాత్రి అందరూ తోడుకున్నాక చేస్తే గొడవ ఉండదు. ముక్కుకి ఘాటు తగలకుండా, ఉండలు కట్టిన పొడి పనికిరాదు, దాని క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయింది. తెచ్చుకున్న పొడి మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఎండ తగలనిచోట దాచండి.

కొళాయి నీళ్ళు మందు వాసన వస్తున్నాయని మొహం చిట్లించేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగేనీళ్ళలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, రోగాల రోజుల్లో 0.5 ఉండాలి. వాసన వచ్చిన రోజు నాకు బెంగ ఉండదు. నాలుగు రోజులు అసలు వాసనే లేకపోతే అప్పుడు బెంగ.

మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి కుండలో వేసేది. తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా ఉండేవి. ఇప్పుడు పటిక వాడుతున్నాం. రెండూ బురదని అడుక్కి దింపుతాయి, అంతవరకే. సూక్ష్మజీవులు అన్నీ దిగవు, కొన్ని ఆ తేటలోనే ఉంటాయి. తేర్చిన నీళ్ళని మెత్తని బట్టలో వడకట్టి, తర్వాత కాచాలి. బుడగలు రావడం మొదలవగానే దింపెయ్యడం కాదు, తెర్లుతూ ఒక్క నిమిషం ఉండాలి. ఆ గిన్నెలోనే మూతపెట్టి చల్లారనివ్వండి. నిన్నటి నీళ్ళు అడుగున మిగిలిన బిందెలో పోస్తే కాచిన గ్యాసు దండగ. చెంబు ముంచొద్దు, పొడుగు కాడ ఉన్న ముంతగాని, కొళాయి బిగించిన డ్రమ్ముగాని పెట్టుకోండి. గ్యాసు అయిపోతే హలోజన్ బిళ్ళ (నీళ్ళలో వేసే క్లోరిన్ మాత్ర) ఉంది. బిళ్ళలు చిన్నవీ పెద్దవీ ఉంటాయి, ఎన్ని లీటర్లకి ఒకటో అట్టమీద చదివి వేసి, అరగంట ఆగి తాగండి.

"మేం టిన్నునీళ్ళే తాగుతాం" అంటారు కొందరు. 20 లీటర్ల టిన్ను మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, చింపని సీలు, రెండూ ఉన్నాయా? ఐఎస్ఐ ముద్ర, దానితో ఐఎస్ 14543 అన్న అంకె 2024 అక్టోబరు దాకా తప్పనిసరిగా ఉండేవి. ఆటోలో తెచ్చి దింపే టిన్నులు ఎండకి పెట్టి లోపల చూడండి, కొన్నిటికి పచ్చగా జిగురు కనబడుతుంది. ఆర్వో నీళ్ళలో క్లోరిన్ మిగలదు, కాబట్టి మురికి టిన్నులో పోస్తే కాపాడేది ఏమీ ఉండదు. ఇంట్లో ఆర్వో ఉన్నవాళ్ళు ఫిల్టరు మార్చిన తేదీ దానిమీదే పెన్నుతో రాసుకోండి.

గుప్‌చుప్ (పానీపూరీ) బండి దగ్గర నీళ్ళలో చెయ్యి మణికట్టుదాకా ముంచి పూరీ తీస్తాడు. వానాకాలం పిల్లల్ని అక్కడికి పంపకండి. నేనూ మానేస్తాను, ప్రతి ఏడూ ఇదే మాట అనుకుంటాను.

తుపాను మాట కూడా ఇప్పుడే. 2018 అక్టోబరు 11న తిత్లీ దాటినప్పుడు ఒడిశాలోని గజపతి జిల్లాలో స్తంభాలు ఒరిగాయి. కరెంటు లేకపోతే పంపు తిరగదు, కొళాయి రాదు. తుపాను హెచ్చరిక రాగానే మనిషికి రోజుకి మూడు లీటర్ల చొప్పున నాలుగు రోజులకి తాగేనీళ్ళు మూతలున్న డబ్బాల్లో పట్టి పెట్టండి. వరదలో మునిగిన బోరింగు నీళ్ళు, మెకానిక్ వచ్చి తోడి క్లోరిన్ పట్టేదాకా, నోట్లో పొయ్యకండి.

ఇంత చేసినా ఒంట్లో బాగోకపోవచ్చు. రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2007లోనూ 2022 జూలైలోనూ కలరా మనుషుల్ని మింగింది. కలరాలో బియ్యం కడుగులాంటి విరేచనాలు గంటల్లో మనిషిని పీల్చేస్తాయి. మొదటి విరేచనానికే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి. పొట్లం మీద రాసిన కొలత నీళ్ళలో, ఎక్కువగా లీటరులో, పొట్లం మొత్తం కలపాలి, సగం సగం కాదు. పొట్లం లేకపోతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో గీటుకి సమంగా. చంటిపిల్లలకి పాలు ఆపొద్దు. జింకు మాత్రలు ఆశాదిదీ (ఊళ్ళో ఆశా కార్యకర్త) ఇస్తుంది, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యాలి. కళ్ళు లోతుకుపోయినా, ఉచ్చ ఆగినా, మనిషి మగతగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యండి. కడుపుతో ఉన్నవాళ్ళకి కామెర్లు వస్తే పసరుమందుకని తిప్పకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నీళ్ళవల్ల వచ్చే కామెర్లలో ఒకటైన హెపటైటిస్ ఇ వాళ్ళకి ప్రాణాంతకం కావచ్చు.

వీధిలో మూడిళ్ళలో ఒకేసారి విరేచనాలంటే తిండి మీద అనుమానపడుతూ కూర్చోకండి. ఆశాదిదీకి చెప్పండి. నీళ్ళు పరీక్షించే చిన్న సీసా దొరికితే గీతదాకా నింపి ఒకటి రెండు రోజులు ఉంచండి, నల్లబడితే ఆ నీళ్ళు తాగేవి కావు. నల్లబడలేదని కాచడం మానొద్దు. ఇంకో సంగతి, మనవాళ్ళు కంగారులో ముందు నూతిలో బ్లీచింగు కుమ్మరించేస్తారు, తర్వాత పరీక్షకి వచ్చినవాళ్ళకి ఏమీ దొరకదు. అందరికీ తాగొద్దని చెప్పి, పరీక్షవాళ్ళు ఇచ్చిన శుభ్రమైన సీసాలో ముందు నమూనా పట్టించి, ఆ తర్వాతే మందు వెయ్యండి.