బోటు ప్రమాదంలో గాయపడితే: జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో ఫిర్యాదు చేసే విధానం (శ్రీకాకుళం, విజయనగరం)

తాటిపూడి రిజర్వాయర్లో గానీ, కళింగపట్నం దగ్గర వంశధార మొగలో గానీ టికెట్టు కొని బోటెక్కి దెబ్బ తిన్నవాళ్లు ముందు అడిగే మాట "ఎంవీఓపీ (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసు) వేయొచ్చా?" అని. కుదరదు. మోటారు వాహనాల చట్టం రోడ్డు మీద తిరిగే బండ్లకే, బోటుకు వర్తించదు. అక్కడ కేసు వేసి నెలలు పోగొట్టుకోవడం కంటే నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం మేలు. డబ్బు తీసుకుని ఎక్కించుకున్నారంటే అది సేవ. సేవలో లోపం వల్ల గాయమైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పరిహారం అడగొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. రెండు జిల్లా కేంద్రాల్లోనూ కమిషన్లు ఉన్నాయి.

టికెట్టు లేకుండా, తెలిసినవాళ్ల పడవలో ఊరికే షికారుకు వెళ్లి ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. ఉచిత సేవ ఈ చట్టంలోకి రాదు. అప్పుడు సివిల్ కోర్టే గతి.

మొదటి రోజు కాగితాలు

కేసు నిలిచేది, పడిపోయేది ఇక్కడే. ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు "ఏమైంది?" అని అడిగినప్పుడు వెంట వచ్చినవాళ్లు కంగారులో "నీళ్లలో పడ్డాడు" అంటారు. రికార్డులో అదే రాస్తారు. ఏడాది తర్వాత ఎదుటి పక్షం లాయరు ఆ ఒక్క వాక్యం పట్టుకుని "ఈతకు దిగి పడ్డాడు, బోటుకు సంబంధం లేదు" అంటాడు. అందుకే ఏ బోటు, ఎక్కడ, ఎన్ని గంటలకు, దెబ్బ దేనివల్ల అన్నది చెప్పి రాయించండి: ప్రొపెల్లర్ తగిలిందా, రెండు బోట్లు గుద్దుకున్నాయా, స్పీడ్ బోటు అల మీద ఎగిరిపడి నడుము పట్టేసిందా. మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయమని అడగండి. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే. నీళ్లు మింగినవాళ్లు బాగానే ఉన్నామని వెంటనే ఇంటికెళ్లొద్దు. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటలు ఆగి బయటపడవచ్చు. పైగా ఆ పరిశీలన కాగితం కేసులోనూ పనికొస్తుంది.

పోలీసు ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. నిర్లక్ష్యంగా బోటు నడపడం భారతీయ న్యాయ సంహిత 282వ సెక్షన్, సామర్థ్యానికి మించి ఎక్కించడం లేదా పాడైన బోటులో డబ్బుకు తీసుకెళ్లడం 284వ సెక్షన్. ఫిర్యాదు రాసేటప్పుడు "ఎంతమందిని ఎక్కించారు" అన్న సంఖ్య మరిచిపోవద్దు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఫోటోలు ఇంకా ముఖ్యం. బోటు పక్కన రాసిన నంబరు, బోటు మీద ప్రయాణికుల పరిమితి రాసి ఉంటే అది, మీరు వేసుకున్న లైఫ్ జాకెట్. జాకెట్‌ను దూరం నుంచి తీస్తే ఉపయోగం లేదు. లోపల కుట్టిన లేబుల్ మీద ఎంత బరువు మనిషికో రాసి ఉంటుంది. విరిగిన క్లిప్పు, తెగిన పట్టీ, చిరిగి బయటికొచ్చిన ఫోమ్ దగ్గర నుంచి తీయండి. పెద్ద మనిషికి పిల్లల జాకెట్ ఇచ్చి ఉంటే ఆ లేబులే సాక్షి. టికెట్టు పోతే యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ చాలు.

బోటు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (బోటు తనిఖీ పత్రం), బీమా పాలసీ యజమాని చేతికివ్వడు. 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం ఇంజిన్ బోట్లకు ఇవి ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఇవి లేవని తేలితే మీ కేసుకు అంతకు మించిన బలం ఇంకోటి ఉండదు.

ఫిర్యాదు వేయడం

గడువు రెండేళ్లు. మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే వేయొచ్చు. పాలకొండ మనిషి విశాఖలో బోటెక్కి గాయపడినా విశాఖ వెళ్లనక్కర్లేదు. మనిషి చనిపోతే వారసులు, మైనరైతే తల్లిదండ్రులు వేస్తారు.

ఫీజు దగ్గరే ఎక్కువ పొరపాటు. ఫీజు, కమిషన్ పరిధి లెక్కించేది మీరు అడిగే పరిహారం మీద కాదు, మీరు చెల్లించిన సొమ్ము మీద. టికెట్టు 200 రూపాయలే అయితే 20 లక్షలు అడిగినా ఫీజు సున్నా, కేసు జిల్లా కమిషన్‌లోనే. 2025లో సుప్రీంకోర్టు కూడా ఈ లెక్కను సమర్థించింది.

ఈ-జాగృతి పోర్టల్‌లో ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి పీడీఎఫ్‌లు ఎక్కించవచ్చు. నేరుగా ఇచ్చేవాళ్లు ఎదుటి పక్షాలు ఎంతమందో అన్ని అదనపు సెట్లు పట్టుకెళ్లాలి. తేదీల వారీ వివరం, ఫిర్యాదు, నోటరీ అఫిడవిట్, కాగితాల జాబితా ఉండాలి.

ఒక్క సరంగునే (బోటు తోలేవాణ్నే) ఎదుటి పక్షంగా చూపిస్తే గెలిచినా వసూలు కాదు. యజమాని, నడిపే కాంట్రాక్టరు, బోటింగ్ పాయింటు అప్పగించిన సంస్థ, బీమా కంపెనీ: అందరినీ పూర్తి చిరునామాలతో చేర్చండి. "బోటింగ్ పాయింట్ మేనేజర్" అని రాస్తే నోటీసు తిరిగొస్తుంది.

పరిహారాన్ని ఒకే ముద్దగా అడగొద్దు. మందుల బిల్లులు, వైద్యానికి విశాఖకు తిరిగిన ఖర్చు, పోయిన కూలి లేదా జీతం, వైకల్యం, బాధ విడివిడిగా రాయండి. వేలు తెగినా, నడుము దెబ్బతిన్నా వైకల్య శాతం చూపే సదరం సర్టిఫికెట్ జత చేయండి. శాతం లేకపోతే భవిష్యత్తు ఆదాయ నష్టం లెక్క కట్టడం కష్టం.

విచారణకు తీసుకోవాలా లేదా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేలుస్తారు. నోటీసు అందాక ఎదుటివాళ్లకు జవాబుకు 30 రోజులు, మరో 15 రోజుల పొడిగింపు. "సొంత పూచీపై ప్రయాణం" అని టికెట్టు మీద ఉందని వాదిస్తారు. అచ్చు వేసినంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదు. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు.

సముద్రంలో జరిగితే హైకోర్టులో 2017 అడ్మిరాల్టీ చట్టం కింద బోటునే అటకాయించే వీలుంది. గాయానికి పరిహారం కోసం బోటు మీద మీకు ఉండే హక్కు ఏడాదితో ముగుస్తుంది. చిన్న గాయాలకు ఆ ఖర్చు గిట్టుబాటు కాదు.

బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసే సురక్షా బీమా ఉందేమో పాస్‌బుక్ చూడండి. మరణానికి 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష. ఆ క్లెయిమ్‌కు కమిషన్ తీర్పుతో పనిలేదు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు బ్యాంకులో ఫారం ఇవ్వండి.